ధర్మపురికి వచ్చిన యముడు

క్రీస్తుశకము 7వ శతాబ్దమున హర్షచక్రవర్తి ఆస్థానమున నున్న బాణభట్టు తన హర్షచరితమున నొక చిన్న వీథిదృశ్యమును వర్ణించినాడు. తండ్రియగు ప్రభాకరవర్ధనుడు తీవ్రజ్వరమున మంచము పట్టినాడని విని, వేట చాలించి, అన్నపానములు మాని, గుఱ్ఱము దిగక పరుగుపరుగున వచ్చిన హర్షుడు రాజధానిలో అడుగిడుచునే, అంగడివీథిలో ఒక యమపట్టికుని చూచెను. వాని చుట్టును వేడుకపడు పిల్లలు మూగియుండిరి. నిలువుకఱ్ఱలకు బిగించి పఱచిన చిత్రపటమొకటి వాని యెడమచేత నుండెను. అందు భయంకరమైన దున్నపోతు నెక్కి ప్రేతనాథుడు కూర్చుండియుండెను. కుడిచేతనున్న రెల్లుపుల్లతో ఒక్కొక్క బొమ్మను తాకుచు వాడు పరలోకవృత్తాంతమును వినిపించుచుండెను. రానున్న పితృమరణమునకు సూచనగా బాణుడు ఈ దృశ్యమును కూర్చియుండవచ్చును. కాని చరిత్ర చదువువానికి ఇందు అంతకంటె విలువైన సంగతి యొకటి దొరకుచున్నది. పరలోకపు న్యాయస్థానమును గుడ్డపై వ్రాసి, నడిబజారున విప్పి చూపి, నాలుగు గింజలు సంపాదించుకొను వృత్తి యొకటి ఆ కాలమున నుండెననుటయే ఆ సంగతి.

విశాఖదత్తుని ముద్రారాక్షసమునందును ఈ వృత్తి కనబడుచున్నది. చాణక్యుని చారుడగు నిపుణకుడు యమపటము చేతబట్టి, పాటలు పాడుచు, ఇల్లిల్లు తిరుగుచు, రత్నవర్తకుడగు చందనదాసుని యింట ప్రవేశించెను. అచట వాకిటికి రాబోయిన పసివాని నొకనిని లోనికి లాగుకొన్న యొక స్త్రీ చేతినుండి ఉంగరమొకటి జారిపడి నిపుణకుని కాలిదగ్గరకు వచ్చెను. రాక్షసమంత్రి పేరు చెక్కియున్న ఆ ముద్రికతోనే నాటకపుకథ యంతయు ముడిపడినది. శత్రుపక్షమువారి లోగిళ్లలో సయితము అడ్డులేక తిరుగదగిన వేషము కావలసివచ్చినప్పుడు కవికి యమపటమే తోచినదనగా, ఆ పటము పట్టినవానిని చూచి తలుపు మూయువారు నాడు అరుదనుట స్పష్టము. వంగదేశపు పటువాలు చుట్టపటములపై కథలు వ్రాసి పాడుచు, ఏ కథ చెప్పినను తుదిని యమసభను, పాపులు పడు యాతనలను చూపి ముగించు ఆచారము కలవారు.

మన తెలంగాణమున చేర్యాల నకాషీ చిత్రకారులును ఇట్టి పటములు వ్రాయువారే. ముతకగుడ్డకు చింతగింజల అంబలియు, సుద్దమట్టియు, జిగురును కలిపి పూసి, ఆరబెట్టి, ఎఱ్ఱని నేలరంగుపై గజములకొలది పొడవున వారు వ్రాసిన పటములను పట్టుకొని, ఒక్కొక్క కులమువారికి వారివారి కులపురాణమును చెప్పు కథకులు ఊరూర తిరిగెడివారు. పద్మశాలీలకు కూనపులివారు చెప్పునది మార్కండేయపురాణము. పదునాఱేండ్లతో ఆయువు ముగియనున్న బాలుడు శివలింగమును కౌగిలించుకొనగా, యముడు విసరిన పాశము లింగమును గూడ చుట్టుకొనుటయు, శివుడు వెలువడి యముని కాలదన్నుటయు అందలి ప్రధానఘట్టము. వంగదేశపు పటము యముని తీర్పుతో ముగియగా, తెలుగు నేతగాని కులకథ యముని ఓటమితో ఆరంభమగుచున్నది.

ఈ భేదము కేవలము యాదృచ్ఛికము కాదని నా నమ్మకము. ఇహజీవితము ఒక పరీక్షయనియు, పరలోకమున దానికి ఫలము చెప్పు న్యాయాధిపతి యొకడు కలడనియు చెప్పు భావమును మనవారు తలదాల్చిరి. ఆ భయము నడుమ బిడ్డలను పెంచిరి. ఆ భయముతోనే ప్రాణములు విడిచిరి. అయినను ఆ పరీక్ష న్యాయమైనదేనా యను ప్రశ్నను వారు ఏ కాలమందును విడిచిపెట్టలేదు. యముని న్యాయస్థానమును నిర్మించిన పురాణములే ఆ న్యాయస్థానముపై ఫిర్యాదులనుగూడ భద్రపరచినవి.

మొదట యముడు న్యాయాధిపతియే కాడు. ఋగ్వేదమున ఆయన వివస్వంతుని కుమారుడు. ఆవలి త్రోవను అందఱికంటె ముందు కనుగొని, వెనుక వచ్చువారికి చూపిన పూర్వుడు. పచ్చని యాకులు గల చెట్టుక్రింద దేవతలతో కూడి పానము చేయుచుండునట. నాలుగేసి కన్నులుగల కుక్కలు రెండు ఆ దారి కాచుచుండునట. అచట విచారణ లేదు, పద్దు లేదు, కొరడా లేదు. కఠోపనిషత్తున మూడురాత్రులు తన వాకిట పస్తుండిన నచికేతుని చూచి, అతిథిని ఆకలితో నుంచిన దోషము తనదని యొప్పుకొని, దానికి పరిహారముగా మూడు వరములిచ్చిన యముడును ఇట్టి సౌమ్యుడే. శతపథబ్రాహ్మణము నాటికి మాత్రము పరలోకమున మనుజుని మంచిని చెడును తూచు త్రాసొకటి వెలసినది. పిమ్మట ధర్మశాస్త్రములును పురాణములును ఆ త్రాసు చుట్టును ఒక రాజ్యాంగమునే కట్టినవి. మనుస్మృతి 21 నరకములను పేర్కొనగా భాగవతము 28 చెప్పినది. వైతరణి, కుంభీపాకము, అసిపత్రవనము, రౌరవము మొదలగు పేర్లు చదువురాని ముసలమ్మలకు సయితము కంఠస్థములైనవి.

రాజ్యమున్న చోట కచేరి యుండవలెను. కచేరి యున్న చోట వ్రాయసగాడు ఉండితీరవలెను. అట్లు వచ్చినవాడు చిత్రగుప్తుడు. ఉత్తరదేశపు కాయస్థులు ఆయనను కులమూలపురుషునిగా ఎంచి, కలమును సిరాబుడ్డిని పూజింతురు. కాంచీపురమున ఆయనకు ప్రత్యేకముగా ఆలయమే కలదు. అందు ఆయన ఒక చేత గంటమును ఒకచేత తాటాకును ధరించి కూర్చున్నాడు. తెలుగునాట స్త్రీలు చిత్రగుప్తుని నోము నోచి, ఉద్యాపనమున ఆకును గంటమును దానమిచ్చు ఆచారము కలదు. తన తప్పొప్పులు వ్రాయువానికి వ్రాతసాధనములను తానే సమకూర్చి యిచ్చు ఆ యిల్లాలి మనస్సులోని భయమును, వినయమును, ఆశను తలచుకొన్నప్పుడెల్ల నాకు గుండె కరగును.

చిత్రగుప్తుని చిట్టాయనగానే తెలుగువాని కన్నులయెదుట నిలుచునది గ్రామకరణము చంకలోని కవిలెకట్ట. భూమి కొలత, శిస్తు, బాకీ, మాన్యము అన్నియు ఆ తాటాకులలో నుండెడివి. రైతు దున్నినది తన చేనే. కాని ఆ చేను ఎంతయో, దానికి కట్టవలసిన దెంతయో చెప్పవలసినది కరణము. ఆకులమీద నేమున్నదో రైతు చదువలేడు. చదివి వినిపించినది నమ్మక తప్పదు. చిత్రగుప్తుని చిట్టాయును అట్టిదే. జీవుడు ఎన్నడో మఱచిపోయిన పనులు అందు వ్రాయబడియుండును. ఆ చిట్టాను జీవుడు బ్రతికియుండగా చూడ నోచుకొనడు. ఏ పనికి ఏ శిక్షయో ముందుగా వానితో చెప్పినవారు లేరు. అట్టి పరీక్షలో తప్పినవానిని శిక్షించుట న్యాయమా యని అడుగుటకు మనకు క్రొత్తకాలపు తార్కికులు రానక్కఱలేకపోయినది. నన్నయ తెనిగించిన ఆదిపర్వములోని మాండవ్యుడు దానిని యముని మొగముమీదనే అడిగినాడు.

ఆ కథను కొంత నిదానించి చూడవలెను. మాండవ్యుడు తన ఆశ్రమద్వారమున చెట్టుక్రింద చేతులెత్తి మౌనవ్రతమున తపస్సు చేయుచుండెను. రాజభటులు తరుముకొనిరాగా దొంగలు కొందఱు ఆ ఆశ్రమమున చొచ్చి, సొమ్ముతో దాగిరి. దొంగలు ఎటు పోయిరని భటులు అడిగిరి, మౌని పలుకలేదు. వెదకగా దొంగలును సొమ్మును అచటనే దొరకినవి. మునియు దొంగలతో కూడినవాడేయని తలచి రాజు అందఱికిని కొఱత శిక్ష విధించెను. దొంగలు చచ్చిరి, ముని తపోబలమున చావక కొఱతమీదనే యుండెను. సంగతి తెలిసి రాజు పరుగున వచ్చి కాళ్లపై బడి, కొఱ్ఱు ఊడబెఱుకబోగా అది రాలేదు. శరీరమునకు వెలుపలనున్న కొఱ్ఱుభాగమును కోసివేయించెను. లోపలి ముక్క లోపలనే నిలిచినది. ఆ యినుపముక్కను దేహమున మోయుచు తపస్సు చేసి, లోకములు తిరిగి, తుదకు మాండవ్యుడు యమధర్మరాజు సభకు పోయెను. తన్ను పొడిచిన రాజుపై అతనికి కోపము లేదు. తానింత బాధ పడుటకు చేసిన పాపమేది యని మాత్రము అడుగుటకు పోయెను.

యముడు చెప్పిన సమాధానము ఇది: చిన్నతనమున నీవు తూనీగలను పట్టి పుల్లలు గ్రుచ్చి హింసించితివి, దాని ఫలమే ఈ కొఱత. తెలుగుపల్లెలో పెరిగిన ఏ బాలుడు తూనీగను పట్టి, దాని తోకకు దారము కట్టి ఎగురవేయలేదు? ఈ ఒక్క వాక్యముతో ఆ పద్దుపుస్తకమంతయు మన కన్నుల యెదుట తెఱవబడినట్లగును. అందు తూనీగల లెక్కకూడ ఉన్నదా! జీవహింస ఎంత చిన్నదైనను లెక్కకు వచ్చుననుట గొప్ప ధర్మమే. తూనీగ ప్రాణము తూనీగకు తీపి. కాని చేసినవాడు బాలుడు; వానికి ధర్మాధర్మముల భేదము చెప్పినవారు లేరు; శిక్ష పడునాటికి వాడు మహాతపస్వి; చేసినది పుల్ల గ్రుచ్చుట, అనుభవించినది కొఱత. మాండవ్యుడు ఈ లెక్కను ఒప్పుకొనలేదు. అల్పాపరాధమునకు ఇంత దండము విధించినవాడవు నీవు శూద్రయోనియందు జన్మింతువుగాక యని యముని శపించి, పదునాలుగేండ్లు నిండువఱకు ఎవరేమి చేసినను పాపము అంటకుండ నేటినుండి నేను మర్యాద చేయుచున్నానని ప్రకటించెను.

బాధితుడు న్యాయస్థానమునకు పోయి, తీర్పును త్రోసిపుచ్చి, శాసనమును సవరించి, న్యాయమూర్తిని శిక్షించి వచ్చిన కథ ఇది. వేయేండ్ల క్రిందట రాజమహేంద్రవరమున రాజరాజనరేంద్రుని సభలో ఇది తెలుగున వినిపించినప్పుడు, తమ రాజోద్యోగుల తీర్పులవలన నొచ్చినవారెవరైన ఆ సభలో ఉండియుందురా, ఉన్నచో వారి మనస్సున ఏమి మెదలియుండును అని నేను తఱచు ఊహింతును. అప్పటికే దేశమున శూద్రజన్మము తక్కువదను భావము పాతుకొనియుండుటవలన ముని శాపము ఆ రూపమున వచ్చినది. ఆ భావమును మనము నేడు ఒప్పుకొనము, ఒప్పుకొనరాదు. కాని శాపములోని న్యాయదృష్టి తీవ్రమైనది: ఏ పుట్టుక పుట్టిరో విచారింపక జీవులను పరీక్షించువాడా, నీవును ఒకమారు ఆ పరీక్షకు కూర్చుండి చూడుము!

యముడు విదురుడై పుట్టెను. దాసీపుత్రుడగుటచే ముగ్గురన్నదమ్ములలో బుద్ధిశాలియయ్యును రాజ్యమునకు అనర్హుడయ్యెను. దుర్యోధనుడు పుట్టినపుడు వీనిని విడువుమని చెప్పెను, ఎవరును వినలేదు. లక్కయింటి కుట్రను ముందుగా పసిగట్టి పాండవులను కాపాడెను. ద్రౌపదిని సభకు ఈడ్చుకొని వచ్చిననాడు నోరు విప్పి, ఆమె ప్రశ్నకు ఉత్తరమిండని సభ్యులను అర్థించెను. ఆ నాడును వినినవారు లేరు. ధర్మమేదో సంపూర్ణముగా తెలిసియుండి, దానిని నెగ్గించుకొను అధికారము లేక, పుట్టుకచేత ప్రక్కకు నెట్టబడి బ్రతుకుట ఎట్టిదో ధర్మదేవత ఒక జీవితకాలమంతయు అనుభవించి తెలిసికొనెను. భారతమునందలి వ్యక్తులలో నాకు మిక్కిలి ఆత్మీయుడు విదురుడే.

ఆయన కడపటి ఘట్టము తిక్కన తెనిగించిన ఆశ్రమవాసపర్వమున నున్నది. అడవిలో ఆహారము విడిచి, ఎముకలగూడై, దిగంబరుడై, ధూళిగప్పిన శరీరముతో తిరుగుచున్న విదురుని ధర్మరాజు వెంబడించి, ఒక చెట్టునకు ఆనుకొనియుండగా కలిసికొనెను. నేను యుధిష్ఠిరుడనని చెప్పుకొనవలసివచ్చెను. విదురుడు పలుకలేదు, ఱెప్పవేయక ధర్మరాజు కన్నులలో తన చూపు నిలిపి, యోగబలమున అవయవమునందు అవయవమును, ప్రాణమునందు ప్రాణమును చేర్చి అతనిలో ప్రవేశించెను. శాపగ్రస్తుడైన యముడు యమపుత్రునిలో లీనమయ్యెను.

స్వర్గారోహణపర్వమున స్వర్గద్వారము దాటిన ధర్మరాజు మొదట చూచినది సింహాసనముపై వెలుగుచున్న దుర్యోధనుని. తమ్ములెక్కడ అని అడుగగా దేవదూత అతనిని దుర్గంధపూరితమైన చీకటిత్రోవను కొనిపోయెను. నెత్తురును మాంసమును బురదయై, వెండ్రుకలు నాచువలె పఱచుకొని, ఈగలు ముసరుచున్న ఆ దారిని కొంతదూరము నడచి, ఓర్వలేక వెనుదిరుగబోగా చీకటిలోనుండి గొంతులు వినవచ్చినవి: ఒక్కక్షణము నిలువుము, నీ మేనిగాలి సోకి మా బాధ చల్లారుచున్నది. ఎవరు మీరని అడుగగా కర్ణుడనని, భీముడనని, అర్జునుడనని, ద్రౌపదినని ఒక్కొక్క గొంతు పలికెను. అంతట ఆ శాంతమూర్తి దేవతలను నిందించెను, ధర్మమును నిందించెను. నేను ఇచటనే యుందును, నీవు పొమ్మని దూతను పంపివేసెను. పిమ్మట దేవతలు వచ్చి, అది మాయయనియు, రాజులెల్లరు నరకము చూచితీరవలెననియు, అశ్వత్థామ హతుడని ద్రోణుని నమ్మించినదానికి ఇది ఫలమనియు సమాధానము చెప్పిరి. ఆ సమాధానము నా మనస్సునకు చాలదు. వ్యాసతిక్కనలకును అది చాలియుండదని నాకు తోచును. చాలినచో ఆ క్రోధమునకు అంతటి చోటు ఇచ్చి, ధర్మపుత్రునిచేత ధర్మమునే నిందింపజేసియుండరు.

తిక్కన శిష్యుడగు మారన మార్కండేయపురాణమును తెనిగించెను. అందు విదేహరాజు విపశ్చిత్తు కథ కలదు. సుకృతి యగు ఆ రాజు భార్యయెడ చేసిన యొక్క లోపమునకు కొంచెము సేపు నరకమున నిలువవలసివచ్చెను. గడువు తీరి యమభటుడు పోవుదము రమ్మనగా, నరకమున నున్నవారెల్ల నీ శరీరముమీది గాలి మాకు హాయి గొల్పుచున్నదని మొఱపెట్టిరి. రాజు కదలలేదు. ఇంద్రుడును ధర్ముడును స్వయముగా వచ్చి పిలిచినను కదలలేదు. తన పుణ్యమంతయు ధారవోసి వారిని విడిపించెను. తన మార్కులు తనకే యను పరీక్షానియమమును ఇంత నిర్భయముగా కాలదన్నిన కథ మఱియొకటి నేనెఱుగను. ఇంకొక విచిత్రము: మారన ఈ గ్రంథమును అంకితమిచ్చినది ప్రతాపరుద్రుని సేనానియగు నాగయగన్ననికి. ఓరుగల్లు పతనమునకు పిమ్మట ఢిల్లీకి కొనిపోబడి, ఇస్లాము స్వీకరించి, ఫిరోజ్‌షా తుగ్లకు కాలమున ప్రధానమంత్రియైన మాలిక్ మక్బూల్ ఇతడేయని పలువురు చరిత్రకారుల మతము. ఖాన్‌జహాన్ తిలంగాని యను పేరుతో ఢిల్లీ నిజాముద్దీనులో సమాధి పొందిన ఆ తెలుగువాడు ఒకే బ్రతుకున రెండు పరలోకములను విని, రెండు తీర్పుదినములకు సిద్ధపడవలసివచ్చెను. యౌవనమున తన పేర అంకితమైన విపశ్చిత్తు కథ వార్ధకమున అతనికి జ్ఞప్తికి వచ్చెనో లేదో!

15, 16 శతాబ్దుల కవులు మఱియొక దారి పట్టిరి. శ్రీనాథుని కాశీఖండమున గుణనిధి జూదరి, దొంగ. శివాలయమున నైవేద్యము దొంగిలింపబోయి, వెలుగుకొఱకు తన వస్త్రము చించి వత్తి వేసినందున కైలాసమునకు పోయెను. తెనాలి రామకృష్ణుని పాండురంగమాహాత్మ్యమున పిఠాపురపు నిగమశర్మ తల్లిదండ్రులను అక్కను వంచించి పోయిన భ్రష్టుడు. నరసింహక్షేత్రమున ప్రాణము విడిచినందున సద్గతి పొందెను. భాగవతము షష్ఠస్కంధమున అజామిళుడు కొడుకును పిలుచుటకై నారాయణా యన్నందున యమపాశమునుండి తప్పెను. వట్టిచేతులతో మరలిపోయిన యమభటులు తమ ప్రభువును అడిగిన ప్రశ్న మిక్కిలి సూటియైనది: స్వామీ, ఈ లోకమునకు తీర్పు చెప్పువారు ఎందఱు? పలువురున్నచో ఎవరి తీర్పు చెల్లవలెను? ఆ సేవకులపై నాకు జాలి కలుగును. వారు ఉద్యోగధర్మము తప్పలేదు. ఇట్టి కథలు దుర్మార్గులకు ఊతమిచ్చునని సంస్కర్తలు ఆక్షేపించిరి. ఆక్షేపణలో నిజము లేకపోలేదు. కాని చిట్టాలో ఒక చిన్నపద్దు మాండవ్యుని కొఱత వేయించినపుడు, అదే చిట్టాలో ఒక చిన్నపద్దు నిగమశర్మను గట్టెక్కింపరాదా? ఈ కథలు తూనీగకు చెప్పిన బదులుగా నాకు కనబడుచున్నవి.

ఆచారములలోనికి ఈ విధానము దిగినపుడు వేఱొక అన్యాయము చొచ్చినది. వైతరణి దాటుటకు గోవు తోక పట్టుకొనవలెను గనుక మరణకాలమున గోదానము చేయుమనిరి, దశదానములు చేయుమనిరి. ఉన్నవాడు పాడియావును ఇచ్చెను. లేనివాడు గోమూల్యమని నాలుగు రాళ్లు చేతబెట్టెను. అవియును లేనివాడు ఏమి చేయవలెను? చచ్చినవాని ఋణము తీర్చలేక, వానికి నది దాటించుటకై మఱల ఋణము చేసిన కుటుంబములు ఏ యూరనైన లేకపోలేదు. ఈ విషయమున వేమన చూపిన కోపము న్యాయమైనది.

కాశీలో మరణించినవానిపై యమునికి అధికారము లేదందురు. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్టణమునుండి బయలుదేఱి, 1831లో మరలివచ్చి, కాశీయాత్రాచరిత్రము వ్రాసెను. ఆయనకు ముందును వెనుకను ఎందఱో తెలుగువారు ఆ నమ్మకముతోనే కాశికి పోయి అచటనే కన్నుమూసిరి. అట్లని అచట పాపమునకు లెక్క లేకుండ పోదు. కాలభైరవుడు జన్మలకొలది పడవలసిన యాతనను క్షణకాలమున అనుభవింపజేసి విడుచునట.

కాశికి పోలేనివారికి గోదావరి యొడ్డున ధర్మపురి కలదు. నేటి జగిత్యాల జిల్లాలోని ఈ క్షేత్రమున ప్రధానదైవము లక్ష్మీనరసింహుడు. ఆ యాలయప్రాంగణమునందే యమధర్మరాజునకును గుడి యున్నది. ధర్మపురికి పోయినవానికి యమపురి లేదని మనవారి సామెత. ఇక్కడివాడే యగు శేషప్పకవి నరసింహశతకము మనదేశమున చిన్న బడులలో పిల్లలు వల్లెవేసినది. అజామిళునకు దొరకిన అదృష్టమును నమ్ముకొనుటకు శేషప్పకు ధైర్యము చాలలేదు: ప్రాణము పోవు వేళ రోగము కమ్మి, నోరు పెగలక, స్వామి పేరు తలపునకు రాదేమో యని భయపడి, ఆ వేళ పిలువవలసిన పిలుపును ఒడలు బాగున్నపుడే పిలిచి పెట్టినాడు. చివరి గడియలో మనుష్యుడు స్పృహలో నుండునో లేదో యెవ్వరికి తెలియును? ఆ గడియను పరీక్షగా పెట్టుట ఎంత అనిశ్చితమో ఈ పల్లెటూరి కవి ఎఱిగినట్లు పండితులు ఎఱిగిరా యని నాకు సందేహము.

యముడు ఇచటికి ఏల వచ్చెనో స్థలపురాణము చెప్పును. అనుదినము జీవులను బాధించి బాధించి, ఆ పాపము తనకు అంటి, మనశ్శాంతి లేక, ఆయన తీర్థములు తిరిగెను. ఎచటను ఊరట దొరకలేదు. తుదకు ధర్మపురిలో గోదావరి మునిగి, నరసింహుని సేవించి, శాంతి పొందెను. ఆయన స్నానము చేసిన చోటు యమగుండము. తమిళదేశమున శ్రీవాంఛియమునందును ఇట్టి కథయే చెప్పుదురు. అచటను యముడు తన ఉద్యోగపాపమును పోగొట్టుకొనుటకై తపస్సు చేసినవాడే. తీర్పు న్యాయమైనదైనచో తీర్చినవానికి పాపమెట్లు అంటును? ఈ స్థలపురాణము ఏ శాస్త్రవాదమునకును దిగలేదు. శిక్షింపబడినవాడు బాధపడినాడు, బాధపెట్టినవాడు దానిని మోయవలసినదే, నియమము ప్రకారము చేసితినని చేతులు కడిగికొనుటకు వీలులేదు, నదికి వచ్చి మునుగవలసినదే యని అది చెప్పుచున్నది. మాండవ్యుడు శపించి యముని చేత చేయించిన దానిని, ఇచట యముడు తనంతతానే చేసినాడు.

భరణి యముని నక్షత్రము. ప్రతినెల ఆ దినమున ఈ గుడిలో ఆయనకు ప్రత్యేకపూజలును ఆయుష్యహోమమును జరుగుచుండును. కార్తికశుద్ధ విదియనాడు యముడు చెల్లెలు యమున యింట భోజనము చేసెనని చెప్పి, తెలుగు ఆడుబిడ్డలు అన్నదమ్ములను పిలిచి వడ్డించు భగినీహస్తభోజనపు పండుగ వచ్చును. ఆ దినమున ధర్మపురికి వచ్చు అక్కచెల్లెండ్రు గోదావరిలో మునిగి, నరసింహుని చూచి, యముని గుడిలోని గండదీపమున నూనె పోసి, తమ్ముని పేరును గోత్రమును పూజారితో చెప్పించి, మధ్యాహ్నమునకు వంటకు ఆలస్యమగునని త్వరపడుచు ఇండ్లకు మరలుదురు.